చిన్నప్పుడు క్యాన్సర్ తగ్గిన పిల్లల పళ్ళు: డాక్టరమ్మ జవాబులు

పోయిన సంచికలో ఒకరికి జవాబు చెప్తూ, చిన్న వయసులో కీమో తీసుకున్న పిల్లల పళ్ళను మామూలు పళ్ళలా చూడకూడదని రెండు వాక్యాలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చెన్నైకో, వేలూరుకో, తిరుపతికో, హైదరాబాదుకో బిడ్డను ఎత్తుకుని పోయి, నెలల తరబడి అక్కడే గది తీసుకుని ఉండి, బతికించుకుని తెచ్చుకున్న తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. అందుకే ఈసారి పేజీ మొత్తం వాళ్ళకే ఇస్తున్నాను. పంటి నొప్పి, చిగుళ్ళ గురించి రాసినవాళ్ళకు వచ్చే నెల తప్పకుండా జవాబిస్తాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కనిగిరి దగ్గర పల్లె. మా బాబుకు మూడేళ్ళప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. ఏఎల్ఎల్ అన్నారు. చెన్నైలో రెండున్నరేళ్ళు మందులు వాడాము. దేవుడి దయవల్ల తగ్గింది. ఇప్పుడు పదేళ్ళు, ఐదో తరగతి. ముందు పళ్ళ మీద తెల్లమచ్చలు, గోధుమరంగు గార ఉన్నాయి. కింద దవడలో పాలపళ్ళు ఇంకా ఊడలేదు. ఇక్కడ చూపిస్తే, మచ్చలు ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల అన్నారు, పాలపళ్ళు పీకేస్తే కొత్తవి త్వరగా వస్తాయన్నారు. బళ్ళో పిల్లలు ఏడిపిస్తున్నారని వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. మా నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఉంటే మళ్ళీ ఫ్లోరైడ్ పేస్టు వాడొచ్చా? ఆస్పత్రిలో ఉన్నప్పుడు నోరు పుండ్లు పడి ఏడుస్తుంటే నేను చాలా రోజులు పళ్ళు తోమలేదు. నా వల్లే ఇలా అయ్యాయా?
— ఒక తల్లి, కనిగిరి

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. మీ వల్ల కాదు. ఆ రోజుల్లో తోమకపోవడం వల్ల పాలపళ్ళు పుచ్చితే పుచ్చి ఉండవచ్చు. కానీ లోపల ఎముకలో తయారవుతున్న శాశ్వత పళ్ళకు బ్రష్ తగిలేదే లేదు. వాటి మీద పడింది మందు ప్రభావం. ఆ మందే మీ వాణ్ణి బతికించింది కూడా. ఈ రెండు మాటలూ కలిపే గుర్తుపెట్టుకోండి.

పన్ను చిగురు చీల్చుకుని వచ్చే రోజుకు ఎన్నో ఏళ్ళ ముందే దవడ ఎముకలో కట్టుకోవడం మొదలుపెడుతుంది. ముందు పైన కనపడే భాగం, ఆ తర్వాత వేరు. ముందు పళ్ళు, ఆరేళ్ళకు వచ్చే పెద్ద దవడపన్ను దాదాపు పుట్టినప్పటి నుంచే మొదలవుతాయి. పాల దవడపళ్ళ కింద రావలసిన ప్రీమోలార్లు రెండేళ్ళ ప్రాంతంలో మొదలై, ఆరేడేళ్ళకు పైభాగం పూర్తి చేసుకుంటాయి. పన్నెండేళ్ళకు వచ్చే రెండో పెద్ద దవడపన్ను మూడేళ్ళ ప్రాంతంలో మొదలై ఏడెనిమిదేళ్ళ దాకా కట్టుకుంటుంది. కీమో మందు వేగంగా పెరిగే కణాలను కొడుతుంది. క్యాన్సర్ కణాలు అలాంటివే, పంటి గట్టి పైపొరను, అంటే ఎనామిల్‌ను తయారుచేసే కణాలూ అలాంటివే. జుట్టు ఊడినా మళ్ళీ మొలుస్తుంది. ఎనామిల్ కణాలు చచ్చిపోతే ఆ పంటికి ఇక రెండో అవకాశం లేదు.

దాని ఫలితం నాలుగు రకాలుగా కనపడుతుంది. పన్ను అసలు రాకపోవచ్చు. వచ్చినా మరీ చిన్నదిగా ఉండవచ్చు. ఎనామిల్ పలచగా, మచ్చలతో, గుంటలతో ఉండవచ్చు. లేదా పైకి బాగానే ఉండి వేరు పొట్టిగా, మొనదేలి ఉండవచ్చు. ఐదేళ్ళలోపు వైద్యం జరిగిన పిల్లల్లో ఈ ప్రమాదం ఎక్కువ. సైక్లోఫాస్ఫమైడ్ జాతి కీమో మందులు ఎంత ఎక్కువ పడితే అంత ఎక్కువ. తల, ముఖం వైపు రేడియేషన్, అంటే మన వాళ్ళు కరెంటు పెట్టడం అనేది, కలిస్తే మరీ ఎక్కువ. 2009లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, బాల్యంలో క్యాన్సర్ తగ్గిన 8 వేల మందికి పైగా పెద్దవాళ్ళను వాళ్ళ తోబుట్టువులతో పోల్చి చూశారు. చిన్న పళ్ళు, రాని పళ్ళు, వేరు లోపాలు, నోరెండిపోవడం, అన్నీ వీళ్ళలోనే ఎక్కువగా తేలాయి. కాబట్టి మీ వాడొక్కడికే వచ్చిన వింత కాదిది.

మీ బాబుకు మందులు పడింది మూడు నుంచి ఐదున్నర ఏళ్ళ మధ్య. ఆ లెక్కన నాకు ఎక్కువ అనుమానం ప్రీమోలార్ల మీద, రెండో పెద్ద దవడపన్ను మీద. ఆరేళ్ళ పన్ను పైభాగం మూడేళ్ళకే దాదాపు పూర్తవుతుంది కాబట్టి చూడటానికి బాగానే ఉంటుంది, దాని వేరు మీద మాత్రం కన్నెయ్యాలి.

ఇప్పుడు పాలపళ్ళ సంగతి. దయచేసి పీకించకండి. పదేళ్ళకు కింద పాల దవడపళ్ళు ఉండటం ఆలస్యమే కాదు, మామూలు పిల్లలకే అవి తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య ఊడతాయి. పైగా మీ వాడి విషయంలో కింద రావలసిన పన్ను ఉందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు. ఓపీజీ అని ఒక ఎక్స్‌రే ఉంటుంది. గడ్డం ఒక పీట మీద ఆనించి నిలబడితే మిషన్ తల చుట్టూ ఒకసారి తిరుగుతుంది, రెండు దవడలూ ఒకే ఫిల్ములో పడతాయి. నొప్పి లేదు, నోట్లో ఏమీ పెట్టరు, ఖర్చు కొన్ని వందల్లోనే. ఇలాంటి పిల్లల ఫిల్ములు నేను చాలా చూశాను. పాల దవడపన్ను రెండు వేర్లూ చక్కగా చాపుకుని ఉంటుంది, ఆ వేర్ల మధ్య గూట్లో ప్రీమోలార్ మొగ్గ గుండ్రంగా కనపడాలి. కొందరిలో మొగ్గ ఉండాల్సిన దానిలో సగం కూడా ఉండదు. కొందరిలో అక్కడ వట్టి ఎముకే. వట్టి ఎముక ఉన్నచోట పాలపన్ను పీకేశామంటే, వాడు పెద్దయ్యేదాకా ఆ ఖాళీ అలాగే ఉంటుంది. పక్క పళ్ళు ఒరిగిపోతాయి, ఎముక కరిగిపోతుంది. అదే పాలపన్నును కాపాడుకుంటే, పుచ్చితే సిమెంట్ పెట్టించి, అవసరమైతే క్యాప్ వేయించి నిలుపుకుంటే, ఇరవై దాటాక కూడా పనిచేసే అవకాశం ఉంది. ఎదుగుదల ఆగాక ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, అంటే ఇంప్లాంటా, పక్క పళ్ళను దగ్గరికి జరపడమా అని అప్పుడు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

మచ్చల గురించి మీ ఊరి డాక్టరుగారు చెప్పింది కొట్టిపారేయలేను. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో మనందరికీ తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు చిన్నప్పటి నుంచి తాగితే పళ్ళ మీద గార వస్తుంది. తేడా ఇంట్లోనే కొంత కనిపెట్టవచ్చు. ముందు పన్ను కొన దగ్గర మొదలై చిగురు వైపు కట్టుకుంటూ వస్తుంది. కొన తయారయ్యేది పసితనంలోనే, అంటే మీ వాడికి జబ్బు రాకముందు. కాబట్టి మచ్చలు కొన నుంచి చిగురు దాకా అడ్డగీతల్లా, కుడి ఎడమ రెండువైపులా ఒకేలా ఉండి, అదే బోరు నీళ్ళు తాగిన ఇంట్లో మిగతా పిల్లలకూ ఉంటే, నీళ్ళ వాటా ఎక్కువని అనుకోవచ్చు. కొన శుభ్రంగా ఉండి చిగురు దగ్గర సగంలో ఒక పట్టీలాగా ఎనామిల్ దెబ్బతిని ఉంటే మందుల వాటా. రెండూ కలిసి ఉన్న పిల్లలు మన పశ్చిమ మండలాల్లో ఉంటారు, అందుకే ఒక్క చూపులో తేల్చేయకూడదని నా అభిప్రాయం.

ఫ్లోరైడ్ పేస్టు వాడండి. తాగే ఫ్లోరైడ్ వేరు, పూసే ఫ్లోరైడ్ వేరు. గార వచ్చేది పళ్ళు ఎముకలో కట్టుకుంటున్న వయసులో, సుమారు ఎనిమిదేళ్ళ లోపు, కడుపులోకి వెళ్ళిన దానివల్ల. మీ వాడికి ముందు పళ్ళు అన్నీ వచ్చేశాయి, ఇక వాటికి కొత్తగా గార పట్టదు. పైన పూసి ఉమ్మేసే ఫ్లోరైడ్ మాత్రం బలహీనంగా ఉన్న ఎనామిల్‌కు మంచిది. బఠాణీ గింజంత పేస్టు, పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. మింగకుండా ఉమ్మేయాలి. ఆరు నెలలకొకసారి, పుచ్చులు ఎక్కువగా ఉంటే మూడు నెలలకే, డాక్టరు చేత ఫ్లోరైడ్ వార్నిష్ పూయించండి. ఇంటిల్లిపాదీ తాగడానికి, వంటకు మాత్రం ప్లాంటు నీళ్ళో, సరఫరా అయ్యే సాగర్ నీళ్ళో వాడండి. కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

వాడి నవ్వు గురించి రాశారు. అది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది. ముందు పళ్ళ మచ్చల మీద పంటి రంగు కాంపోజిట్ పూసి కప్పడం పదేళ్ళ వయసులో ఇప్పుడే చేయొచ్చు. పన్ను అరగదీయక్కర్లేదు, ఇంజెక్షన్ అక్కర్లేదు, ఒకటి రెండు పూటల పని. పెద్దయ్యాక చేద్దామని వాయిదా వేయకండి. పదేళ్ళ పిల్లవాడికి బడి అంటే ఇప్పుడున్న బడే.

ఎక్కడికి వెళ్ళాలని అడిగేవాళ్ళకు: నెల్లూరులో నారాయణ డెంటల్ కాలేజీ, ప్రభుత్వ రంగంలో కడప, విజయవాడ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. పిల్లల దంత విభాగం ఎక్కడని అడిగి అక్కడికే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు చెన్నై ఆస్పత్రి ఫైలు తీసుకెళ్ళండి. వైద్యం ఏ వయసులో మొదలై ఏ వయసులో ఆగింది, ఏ మందులు ఎంత పడ్డాయి, తలకు కరెంటు పెట్టారా, పెడితే ఎన్ని గ్రే (రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు), ఇవి కావాలి. గుండె మీద ప్రభావం చూపే డాక్సోరూబిసిన్, డౌనోరూబిసిన్ లాంటివి పడి ఉంటే ఆ మాటా, ఈమధ్య తీసిన ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టూ చూపించండి. పంటికి ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌కు భయపడాల్సిన పని సాధారణంగా ఉండదు, కానీ డాక్టరుకు తెలిసి ఉండాలి. ఫైలు పెద్దదైతే ఆస్పత్రివాళ్ళనే ట్రీట్‌మెంట్ సమ్మరీ అని ఒకటి రెండు పేజీల్లో రాసివ్వమనండి. దాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. కాగితం తడుస్తుంది, చెదలు పడుతుంది, ఇల్లు మారినప్పుడు పోతుంది. వీడికి నలభై ఏళ్ళు వచ్చినా ఆ కాగితంతో పని ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, నాకు 24 ఏళ్ళు. ఏడేళ్ళప్పుడు కుడి చెంప లోపల గడ్డ వస్తే కీమోతో పాటు కరెంటు పెట్టారు. జబ్బు మళ్ళీ రాలేదు. కానీ నోరు ఎప్పుడూ ఎండిపోతుంది, పక్కన నీళ్ళు లేకుండా అన్నం ముద్ద దిగదు. పళ్ళు చిగుళ్ళ దగ్గర వరసగా పుచ్చిపోతున్నాయి. మా మామయ్య వాళ్ళకు పొదలకూరులో నిమ్మతోట ఉంది. నిమ్మచెక్క చప్పరిస్తే నోరు ఊరుతుందని రోజూ అదే చేస్తున్నాను. కింద కుడివైపు దవడపన్ను బాగా నొప్పిగా ఉంది, ఒక క్లినిక్‌లో వచ్చే సోమవారం పీకేస్తామన్నారు. కరెంటు సంగతి వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నా పళ్ళ జబ్బు పిల్లలకు వస్తుందా అని అవతలివాళ్ళు అడుగుతారేమోనని టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దు, కావలి

జవాబు: తల్లీ, నీ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా ముందే పోస్టులో జవాబు పంపాను. అదే విషయం మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. సోమవారం ఆ పన్ను పీకించుకోవద్దు.

రేడియేషన్ పడిన ఎముకలో సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. అది ఐదేళ్ళకో పదేళ్ళకో మామూలైపోదు. పైకి ఏమీ తెలియదు. పన్ను పీకిన గాయం మానాలంటే ఎముకకు రక్తం కావాలి. అది సరిగా అందకపోతే గాయం మూసుకోకుండా ఎముక బయటపడి, కుళ్ళి, నెలల తరబడి చీము పట్టే పరిస్థితి రావచ్చు. కింద దవడకు ఈ ప్రమాదం ఎక్కువ. దవడ మీద 40 గ్రే, అంతకు మించి పడిన వాళ్ళ విషయంలో చాలా జాగ్రత్త పడాలి. ముఖంలో గడ్డకు ఇచ్చే మోతాదు ఆ స్థాయికి చేరడం మామూలే, కాబట్టి నీ లెక్క తెలిసేదాకా ఎక్కువే పడిందని అనుకుని నడుచుకోవాలి. పాత ఆస్పత్రికి నీ ఓపీ నంబరు చెప్పి, ఏ భాగానికి ఎన్ని గ్రే పడిందో రాసివ్వమని అడుగు.

నొప్పి ఉన్న పంటికి మొదటి దారి రూట్ కెనాల్. పైభాగం మిగలకపోయినా, వేరు లోపల శుభ్రం చేసి మూసి, వేరును ఎముకలోనే ఉంచేయవచ్చు. మామూలు పేషెంటుకైతే పీకడమే తేలికని ఏ డాక్టరైనా అంటాడు, నీకు మాత్రం వేరు ఎముకలో ఉండిపోవడమే మేలు. వేరే దారే లేక పీకాల్సి వస్తే, డెంటల్ కాలేజీలో ఓరల్ సర్జన్, నీ క్యాన్సర్ డాక్టరు మాట్లాడుకుని చేయాలి.

నిమ్మచెక్క ఈ రోజే మానెయ్. తోట మామయ్యదే అయినా సరే. మామూలు మనిషి నోట్లో పులుపు పడితే లాలాజలం వచ్చి కడిగేస్తుంది. కరెంటు వల్ల నీ లాలాజల గ్రంథులు సగం పనిచేయడం లేదు, ఆ పులుపు అలాగే ఎనామిల్ మీద ఉండి తినేస్తుంది. చిగుళ్ళ దగ్గర వరసగా పుచ్చడానికి లాలాజలం లేకపోవడం మొదటి కారణమైతే నిమ్మకాయ దానికి తోడైంది. గోలీసోడా, కూల్‌డ్రింకులు, చప్పరించే చాక్లెట్లు కూడా అంతే. చక్కెర లేని చూయింగ్‌గమ్ నమిలితే ఉన్న గ్రంథి కొంత ఊరుతుంది. నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని గుక్క గుక్కగా తాగు. చేపల పులుసు మానేయమని నెల్లూరు జిల్లాలో పుట్టిన దాన్ని నేను చెప్పను. తిన్నాక నీళ్ళతో పుక్కిలించు, బ్రష్ మాత్రం అరగంట ఆగి చెయ్. రాత్రిపూట పళ్ళకు సరిపోయే ట్రేలు చేయించుకుని అందులో ఫ్లోరైడ్ జెల్ పెట్టుకోవడం నీలాంటివాళ్ళకు బాగా పనిచేస్తుంది. ట్రే కొలత తీయడం, ఎంతసేపు ఉంచుకోవాలో చెప్పడం డాక్టరు పని. పళ్ళ చెకప్ నీకు ఆరు నెలలకు కాదు, మూడు నాలుగు నెలలకే.

అద్దం ముందు నిలబడి నోరు తెరిచి చూసుకో. మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే దవడ కండరం బిగుసుకుంటోందని అర్థం. నోరు తెరిచే వ్యాయామాలు ఇప్పుడే మొదలుపెట్టాలి, పూర్తిగా బిగిశాక లాభం తక్కువ. మెడకు కూడా రేడియేషన్ తగిలి ఉంటే ఏడాదికొకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకో. నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు కనపడితే ఆలస్యం చేయకుండా చూపించు.

ఇక సంబంధాల మాట. కీమో వల్ల, రేడియేషన్ వల్ల దెబ్బతిన్న పళ్ళు పిల్లలకు రావు. అది నీ దవడలో ఒక వయసులో జరిగిన గాయం, రక్తంలో మోసుకెళ్ళే గుణం కాదు. అవతలివాళ్ళు అడిగితే ఈ మాట ధైర్యంగా చెప్పండని మీ అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించు.

ఈ పేజీ చదివే మా పళ్ళ డాక్టర్లకూ ఒక విన్నపం. బీపీ ఉందా, షుగర్ ఉందా అని మనం అందరినీ అడుగుతాం. చిన్నప్పుడు క్యాన్సర్‌కు మందులు గానీ, కరెంటు గానీ తీసుకున్నారా అన్న ప్రశ్నను కూడా కేస్ షీటులో చేర్చండి. పేషెంటు తనంతట తను చెప్పడు. తగ్గిపోయిన జబ్బుకీ పంటికీ సంబంధం ఏముందనుకుంటాడు, లేదా చెప్పుకోవడానికి ఇష్టపడడు. అడగడం మన పని.

ప్రశ్న: మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు కిడ్నీలో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి కీమో ఇచ్చారు. ఇప్పుడు పదమూడేళ్ళు, ఆరోగ్యంగా ఉంది. పళ్ళు వంకరగా ఉన్నాయి, పైన ముందు పళ్ళకు అటూ ఇటూ ఉన్నవి మరీ చిన్నవిగా ఉన్నాయి. క్లిప్పులు వేయించవచ్చా?
— ఒక తండ్రి, కందుకూరు

జవాబు: వేయించవచ్చు, ముందు వేర్లు చూసి. మందులు ఆగి రెండేళ్ళు దాటితే క్లిప్పులకు అడ్డు లేదంటారు, మీ అమ్మాయికి ఆ గడువు ఎప్పుడో దాటింది. చూడాల్సింది ఓపీజీలో వేర్ల పొడవు. క్లిప్పులు పంటిని ఎముకలో నెమ్మదిగా జరుపుతాయి, ఆ ఒత్తిడికి వేరు మొన కొంచెం కరగడం మామూలు పిల్లల్లో కూడా ఉంటుంది. వేరు ముందే పొట్టిగా ఉంటే సగమే దిగిన మేకును అటూ ఇటూ లాగినట్టవుతుంది. అలాంటి పళ్ళకు తక్కువ బలంతో, తక్కువ కాలంలో ముగించాలి. మధ్యలో ఆరు నెలలకొకసారి ఎక్స్‌రే తీసి వేరు కరుగుతోందేమో చూడాలి, కరుగుతుంటే ఆపాలి. పళ్ళన్నీ గీత గీసినట్టు రావాలని పట్టుపట్టకండి. నమలడానికి, శుభ్రం చేసుకోవడానికి వీలుగా వస్తే అక్కడితో ఆపమని చెప్పే ఆర్థోడాంటిస్టును, అంటే క్లిప్పుల డాక్టరును నమ్మండి. ఆ చిన్న పళ్ళకు చివర్లో కాంపోజిట్‌తో ఆకారం పెంచవచ్చు. రెండేళ్ళ వయసులో మందులు పడ్డాయి కాబట్టి ప్రీమోలార్లు అన్నీ ఉన్నాయో లేదో కూడా అదే ఫిల్ములో లెక్కపెట్టించండి. సాధారణంగా క్లిప్పుల కోసం చోటు చాలకపోతే ప్రీమోలార్లే పీకుతారు. ఉన్నవే తక్కువైతే ప్లాను మొత్తం మారిపోతుంది.

ప్రశ్న: డాక్టరమ్మా, నా మనవడికి నాలుగేళ్ళు. చెన్నైలో కీమో నడుస్తోంది, మధ్యలో ఇంటికి తెస్తున్నారు. వెనక పాలపన్ను పుచ్చి రాత్రిళ్ళు ఏడుస్తున్నాడు. పాలపన్నే కదా, ఇక్కడే పీకించేద్దామంటే మా కోడలు ఒప్పుకోవడం లేదు. వేపపుల్లతో నేనే రోజూ తోముదామనుకుంటున్నాను.
— ఒక నాయనమ్మ, అల్లూరు

జవాబు: అమ్మా, ఈ విషయంలో మీ కోడలి మాటే వినండి. కీమో నడుస్తున్నప్పుడు తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయే రోజులుంటాయి. ఆ రోజుల్లో పన్ను పీకితే రక్తం ఆగకపోవచ్చు, చీము ఒళ్ళంతా పాకవచ్చు. పన్ను నొప్పి అని ముందు చెన్నై డాక్టరుకే ఫోన్ చేయమనండి. రక్తపరీక్ష చూసి, ఏ వారంలో చేయొచ్చో వాళ్ళే చెప్తారు. నొప్పికి లవంగ నూనె, ఆస్పిరిన్ లాంటివి పెట్టకండి, చిగురు కాలిపోతుంది. ఆస్పిరిన్ మింగిస్తే రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. జ్వరం కూడా ఉంటే అది పంటి జ్వరమని ఇంట్లో ఉంచకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

వేపపుల్ల మీ తరానికి మేలే చేసింది. కానీ ఇప్పుడు వాడి చిగుళ్ళు చాలా పలచగా ఉంటాయి, పీచు గుచ్చుకుంటే అక్కడి నుంచే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. పళ్ళపొడి, బొగ్గు, కచ్చిక కూడా వద్దు. పసిపిల్లల మెత్తటి బ్రష్, బఠాణీ గింజంత పేస్టు చాలు. నోరు బాగా పూసి బ్రష్ కూడా తగలనివ్వకపోతే, కాచి చల్లార్చిన నీళ్ళలో శుభ్రమైన గాజుగుడ్డ ముంచి పళ్ళు తుడవండి. గ్లాసు నీళ్ళలో చిటికెడు ఉప్పు, చిటికెడు తినే సోడా కలిపి, తిన్న ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మించండి.

ఇంకొకటి, ఇది మీరే చేయగలిగింది. పిల్లలకిచ్చే సిరప్‌లలో చాలావాటికి చక్కెర పాకం ఉంటుంది. అవి వేసిన వెంటనే నాలుగు గుక్కల నీళ్ళు తాగించండి. చేదు పోవడానికి వెనకాల చక్కెర నోట్లో వేయడం, రాత్రి ఏడిస్తే పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం మానేయండి. మీ మనవడి శాశ్వత పళ్ళు ఇప్పుడు దవడలో కట్టుకుంటున్నాయి. వాడికి ఏడెనిమిదేళ్ళు వచ్చాక, ట్రీట్‌మెంట్ కాగితాలు పట్టుకుని ఒకసారి ఓపీజీ తీయించమని మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పి పెట్టండి.